వదినా, మంచినీళ్ళు

మొన్నటి వానలకి మా ఊరి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు నిలిచిపోయి, మంచినీళ్ళ టిన్నుల ఆటో రావడం మానేసింది. మా కోడలు పద్మ ఫోను మీద ఫోను చేసింది. "ఆయ్, రోడ్డు తేలితేగానీ రాలేనండమ్మా" అన్నాడట ఆ ఆటో అతను. ఇంట్లో టిన్ను అడుగంటింది. పెరట్లో నుయ్యి ఉంది గానీ, మోటారు పెట్టి ఆ నీళ్ళతో గిన్నెలు తోముకోవడం, మొక్కలకి పోసుకోవడం తప్ప నోట్లో పోసుకోవడం ఎప్పుడో మరిచిపోయాం. పద్మ ఒక బిందె నిండా పట్టి తెచ్చి నా ముందు దించింది. "చూడండత్తయ్యా, టీ కలిపినట్టున్నాయి. ఇవి ఎలా తాగుతారండీ మనుషులు?" అంది. "తాగేవాళ్ళం. తాగే ఇంతమందిని కన్నాం" అని నేను మోకాళ్ళు పట్టుకుని లేచాను. ఉప్పుజాడీ వెనకాల గుడ్డలో కట్టి దాచిన, నీళ్ళు తేర్చే చిల్లగింజలు తీశాను. అవి బొత్తాలంత ఉంటాయి, గట్టిగా, తెల్లగా. కుండ లోపలి గోడ తడిపి, ఒక గింజతో అలా అలా రాసి, పైన గుడ్డ వేసి నీళ్ళు వడగట్టి, మూత పెట్టి, "దీని జోలికి ఎవరూ రాకండి" అని చెప్పి పడుకున్నాను.

తెల్లారి మా అబ్బాయి శీను పళ్ళు తోముకుని వచ్చి, కుండలో గ్లాసు ముంచి నిలబడే తాగాడు. తాగి మూతి తుడుచుకుని, మొహమంతా నవ్వు చేసుకుని, "అచ్చం పెద్దమ్మ నీళ్ళలాగే ఉన్నాయే అమ్మా!" అన్నాడు. వాడు మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం. పద్మ కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళంతా కారం రాసినట్టయింది. నీళ్ళు వడగట్టింది నేను, గింజ దాచింది నేను, రాసింది నేను, ఎవరూ కదపకుండా కాచింది నేను. పేరు మాత్రం రాజమండ్రిలో అపార్టుమెంటులో కూర్చుని కుళాయి తిప్పి నీళ్ళు పట్టుకునే ఆవిడకి పోయింది. పెద్దమ్మ అంటే నా తోటికోడలు సత్యవతి. మా బావగారి భార్య. నేను అక్కా అని పిలుస్తాను. పిలిచినన్నాళ్ళూ పిలుస్తూనే ఉన్నాను, మండినన్నాళ్ళూ మండుతూనే ఉన్నాను.

నాకు అక్షరం కూడబలుక్కోవడం వరకే వచ్చు. నేను చెబుతుంటే పద్మ రాస్తోంది. మధ్యలో కలం ఆపి, "ఇది వద్దులెండత్తయ్యా, పెద్దత్తయ్యగారు చదివితే ఏమనుకుంటారు" అంటోంది. రాయమన్నాను. చదవనీ. ఆవిడకి తెలియని సంగతి ఇందులో ఒక్కటీ లేదు.

మాది మెట్ట. అన్నవరం కొండ కనబడే ఊరు. అక్కడ నుయ్యంటే పాతాళం. వంగి చూస్తే అడుగున ఆకాశం ముక్క పళ్ళెమంత కనబడేది. చేంతాడు లాగి లాగి ఆడపిల్లల అరచేతులు బొబ్బలెక్కి కాయలు కాసేవి. అంత కష్టపడినా పైకి వచ్చిన నీళ్ళు మాత్రం అద్దంలా ఉండేవి. చేదలోంచి దోసిట్లోకి, దోసిట్లోంచి నోట్లోకి, అంతే. నీళ్ళకి కూడా వంటకి చేసినంత పని చెయ్యాలని నాకేం తెలుసు. పెళ్ళయి కొవ్వూరు దిగువన ఈ ఊరికి వచ్చాక చూశాను. ఇక్కడ నీళ్ళకి కొదవ లేదు, ఎటు తిరిగినా నీళ్ళే. వానాకాలంలో నూతిలోకి చేంతాడు సగం కూడా దిగనక్కర్లేదు. మా చెల్లెలు చూడ్డానికి వచ్చి, "అదృష్టవంతురాలివే అక్కా, వంగి చెంబుతో ముంచుకోవచ్చు" అంది. ముంచుకోవచ్చు, తాగడానికే ఉండదు. వేసవిలో కాలవలు కట్టేసినన్నాళ్ళు నుయ్యి బాగానే ఉండేది. కాలవలు వదిలి, గోదావరి కొత్తనీరు ఎర్రగా వచ్చి, పైన నాలుగు వానలు కూడా పడ్డాయంటే మా నుయ్యి రంగు మారిపోయేది. ఒకరోజు పాలు విరిగినట్టు, ఒకరోజు మట్టి కలిపినట్టు. నాలిక మీద ఒండ్రు వాసన. వీధిలో అందరి నూతులూ అంతే. ప్రతి ఇంట్లోనూ నీళ్ళు తేర్చే చెయ్యి ఒకటి ఉండేది. ఏ ఇంట్లో ఎవరి చెయ్యి మంచిదో ఊరందరికీ తెలుసు. ఎవరి వంట బాగుంటుందో చెప్పుకున్నట్టే చెప్పుకునేవారు. మా ఇంటి చెయ్యి మా అక్కది.

ఆవిడ సంగతి చెప్పాలి. మా అత్తగారిని నేను చూడలేదు. మా ఆయన ఇంకా సరిగ్గా నడవని వయసులోనే ఆవిడ పోయారట. ఇంట్లో ఆడదిక్కు ఉండాలని బావగారికి తొందరపడి పెళ్ళి చేశారు. అలా వచ్చింది అక్క. తనే ఇంకా పిల్ల, తనకి పిల్లలు పుట్టకముందే మరిదికి తల్లయింది. ముక్కు తుడిచింది, ముద్దలు పెట్టింది, బడికి పోనని మారాం చేస్తే వీపు మీద రెండు వేసి తనే ఏడ్చింది. అందరూ ఇదే కథ నాకు పెళ్ళయిన తొలిరోజుల నుంచి చెప్పి చెప్పి నా చెవులు అరగదీశారు. విని నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను. కానీ తల్లి లాంటిదనుకుంటే సరిపోదు కదా. అత్తగారైతే అత్తగారిలా ఒక పక్కన పెట్టుకుని, వెనకాల నాలుగు తిట్టుకుని బతకొచ్చు. ఈవిడ నాకన్నా పది పన్నెండేళ్ళే పెద్ద. జడ పొడుగు, మొహం కళకళ, నవ్వితే సొట్ట బుగ్గలు. నా మొగుడికి అన్నం ఎంత కావాలో, ఏ కూరకి మొహం చిట్లిస్తాడో, తలనొప్పి వస్తే ఏ వైపు వస్తుందో, అన్నీ ఆవిడకే తెలుసు. నేను తెలుసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మా మావగారిది మరో రకం. వసారాలో పడక్కుర్చీ వేసుకుని, లంక పొగాకు చుట్ట నోట్లో పెట్టుకుని, వీధిలో పోయే ప్రతివాళ్ళనీ పలకరిస్తూ కూర్చునేవారు. ఆయన దగ్గర ఎప్పుడూ చుట్ట కంపు, కిళ్ళీ వాసన, గంధం వాసన కలిసి వచ్చేవి. ఆయనకి ఒక ఇత్తడి చెంబు ఉండేది. దాని అడుగున లోపలికి ఒక సొట్ట. మంచినీళ్ళు అందులో తేవాలి. ఆయన చెంబు అందుకుని వెలుతురులోకి వంచి అడుగుకేసి చూసేవారు. సొట్ట కనబడితే తాగేవారు, కనబడకపోతే మాట్లాడకుండా పక్కన పెట్టేసేవారు. అక్క తెచ్చిన నీళ్ళలో ఆ సొట్ట చేత్తో తీసుకోవచ్చన్నట్టు కనబడేది. అది చూసి ఆయన, "పెద్దకోడలా, మీ అత్త పోయినా నా నీళ్ళు పోలేదమ్మా" అనేవారు. అక్క కొంగు సర్దుకుని తలొంచుకునేది. ఆ తలొంచుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మా ఆయన సాయంత్రం పొలం నుంచి వచ్చి, నూతి గట్టు మీద కాళ్ళు కడుక్కుని, తువ్వాలు దులిపి వసారా మెట్టు మీద కూర్చునేవాడు. కూర్చోగానే ఒకటే కేక. "వదినా, మంచినీళ్ళు!" నేను గుమ్మం పక్కనే నిలబడి ఉండేదాన్ని. తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, ఆయన వచ్చే వేళకి కనబడేలాగే నిలబడేదాన్ని. ఆయన కేక నా చెవి పక్కనుంచి వంటింట్లోకి పోయేది. అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఇదిగోరా చిన్నోడా" అని ఇచ్చేది. గుటక గుటకకీ ఆయన కంఠం కదలడం నేను చూస్తూ ఉండేదాన్ని. తాగి గ్లాసు ఇచ్చేటప్పుడు ఆవిడ మొహంలోకి చూసేవాడు. అంతే, అది కూడా ఒక క్షణం. కానీ కొత్తగా పెళ్ళయినదానికి ఆ క్షణం తనకి రాకపోతే ఎలా ఉంటుందో నన్నడగాలి.

ఒకరోజు పొలానికి క్యారేజీ పట్టుకెళ్ళాను. గట్టు మీద తాటిచెట్టు నీడలో కూర్చుని తిన్నాడు. మరచెంబు మూత తీసి ముందు వాసన చూసి, "ఇవి వదిన పోసిందా?" అన్నాడు.

"ఆవిడే పోసింది. నేను పోస్తే ఏం, విషమవుతాయా?" అన్నాను.

"అదేంటే అలా అంటావ్. ఎవరు పోస్తే ఏంటి, నీళ్ళే కదా."

"నీళ్ళే అయితే నా చేత్తో తాగొచ్చుగా."

"నీవి మడ్డిగా ఉంటాయే" అన్నాడు, నిజం చెప్పడం తప్ప ఇంకే పాపమూ ఎరగనివాడిలా. ఆ మనిషిలో చెడ్డతనం లేదు. చెడ్డతనం ఉంటే పోట్లాడి గెలుద్దును.

ఆ రోజునుంచి నేను పట్టుబట్టాను. ఆయన నోటితో, "ఏమే, మంచినీళ్ళు" అనిపించుకోవాలి. నగలు కాదు, పట్టుచీరలు కాదు, నాకు ఆ వయసులో కావలసింది అదొక్కటే. అక్క ఎలా చేస్తుందో కనిపెడదామని చూశాను. ఆవిడ తెల్లవారుజామునే లేచి, నేను కళ్ళు నులుముకుంటూ వచ్చేసరికి కుండ మీద మూత పెట్టేసి పొయ్యి వెలిగిస్తూ కనబడేది. సిగ్గు విడిచి అడిగాను. "అక్కా, ఎంత రాయాలి? ఎంతసేపు ఉంచాలి?" పొయ్యి ఊదుతూ నా వైపు తిరగకుండానే, "ఏమోనే, నేను కొలతలు చూసుకోను. చేతిలో ఉంటుంది అది" అంది. చేతిలో ఉంటుందట! నా చేతుల్లో ఏముంది, మట్టా?

సరే, నేనే చేస్తానని ఒక కుండ విడిగా పెట్టుకున్నాను. ఆవిడ ఒక గింజ రాస్తే నేను రెండు రాశాను. ఆవిడ అలా అలా రాస్తే నేను గింజ సగం అరిగేదాకా, భుజం లాగేదాకా రాశాను. ఎక్కువ రాస్తే ఎక్కువ తేరుకుంటాయని నా తెలివి. రాసిన దగ్గర్నుంచి మనసు ఆగేది కాదు. పని మధ్యలో వచ్చి మూత తీసి చూడటం, కుండ కొంచెం వంచి వెలుతురులో చూడటం, వేలు పెట్టి చూడటం. తెల్లారి చూస్తే బియ్యం కడిగిన నీళ్ళు. పైగా చిరుచేదు. అయినా మొండిగా చెంబులో పోసి మావగారికి తీసుకెళ్ళాను. ఆయన వంచి చూసి, చుట్ట నోట్లోంచి తీసి, "ఏమ్మా చిన్నకోడలా, దారి తప్పావా? గేదె అటు పక్క కట్టేసి ఉంది" అన్నారు. వీధిలోంచి పోతున్న ఇద్దరు నవ్వారు. వంటింట్లోంచి అక్క, "మెట్టపిల్ల కదండీ మావయ్యా, నేర్చుకుంటుంది లెండి" అంది. నన్ను వెనకేసుకొస్తున్నట్టే అంది. ఆ వెనకేసుకు రావడం కన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

తరవాత పటిక మీద పడ్డాను. కొట్టు నుంచి తెప్పించి, దాన్ని తాడుకి కట్టి బిందెలో తిప్పాను. నీళ్ళు తేరాయి, నిజమే, కానీ నా చేతికి ఆపడం రాదుగా. ఇంకొంచెం, ఇంకొంచెం అని తిప్పాను. మా ఆయన్ని బతిమాలి ఒక గుక్క తాగించాను. నోరంతా ముడుచుకుపోయి, మెట్టు దిగి కనకాంబరం మొక్కలో ఉమ్మేశాడు. "పచ్చి జామకాయ నమిలినట్టుందే" అని, నాలిక అంగిలికి రాసుకుంటూ, "వదినా, మంచినీళ్ళు!" అని కేకేశాడు. నా మొహం ఎదురుగానే.

మరుసటేడు కాలవలు వదిలిన వారంలోనే అక్క చెల్లెలికి నొప్పులు వస్తున్నాయని కబురొచ్చి అక్క పుట్టింటికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ నా చేతులు పట్టుకుని, "వాడికి ఎండలో తిరిగి వస్తే దాహం ఆగదే, చూసుకో" అంది. నా మొగుణ్ణి నాకు అప్పజెప్పి వెళ్ళింది! బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. లోపలికి వచ్చి వంటిల్లంతా ఒకసారి కలయజూసుకున్నాను. ఇక ఈ ఇంట్లో నీళ్ళడగడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఆ సాయంత్రం ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కుని, మెట్టు మీద కూర్చుని తువ్వాలుతో విసురుకున్నాడు. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. కేక రాలేదు. "నీళ్ళు కావాలా?" అని నేనే అడిగాను. "వద్దే, పక్కింట్లో తాగొచ్చాను" అన్నాడు. మర్నాడు కొబ్బరిబొండం తాగొచ్చాడట. ఆ మర్నాడు మునసబుగారి అరుగు మీద మజ్జిగ ఇచ్చారట. ఊళ్ళో దాహం తీర్చేవాళ్ళందరూ నా మీద కక్ష కట్టినట్టుంది.

అప్పుడు నాకు విరక్తి పుట్టింది. ఆ పూట కుండ తడిపి, గింజ తీసి విసురుగా అటొక రాపు ఇటొక రాపు రాసి, నీళ్ళు పోసి మూత పడేసి, "పోండి, మీ ఇష్టం" అని నీళ్ళనే తిట్టాను. మళ్ళీ దాని మొహం చూడలేదు. పెరట్లో పిడకలు చేసుకున్నాను, మినప్పప్పు చెరిగాను, పడుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఏదో ముంచబోయి మూత తీస్తే కుండ అడుగు కనబడింది. కుండ ఖాళీగా ఉందనుకుని చెయ్యి పెట్టాను. మోచేతి దాకా తడిసింది. ఇంతేనా? ఇన్నాళ్ళూ నేను ఎక్కువ రాసి చెడగొట్టాను, చెడగొట్టిన దాన్ని మాటిమాటికీ కదిపి ఇంకా చెడగొట్టాను. ఒండ్రు అడుగుకి దిగే లోపల పది సార్లు మూత తీస్తే అది ఎక్కడికి దిగుతుంది. ఇది చెప్పడానికి అక్కకి రెండు మాటలు చాలు. చెప్పలేదు. ఇప్పటికీ నేనంటాను, తెలియక కాదు, చెప్పలేదు.

ఆ సాయంత్రం మావగారి చెంబులో సొట్ట కనబడింది. ఆయన మొత్తం తాగేశారు. మా ఆయన వచ్చి కూర్చున్నాడు. అడగకముందే గ్లాసు చేతికిచ్చాను. ఎందుకో ఆ రోజు ఎక్కడా తాగి రాలేదు. ఎత్తి పోసుకున్నాడు. సగంలో ఆగి గ్లాసులోకి చూశాడు. మళ్ళీ ఎత్తి అంతా తాగేశాడు. ఆయన మూతి తుడుచుకుని, మొహం వెలిగిపోతుండగా వంటింటి వైపు మెడ చాచి అన్నాడు కదా:

"వదిన ఎప్పుడొచ్చింది?"

గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కుని నూతి గట్టు మీదికి విసిరేశాను. దానికి పడిన నొక్కు ఎన్నేళ్ళయినా పోలేదు. "ఏమైందే? ఏమన్నాను?" అంటూ ఆయన నా వెనకాలే పెరడంతా తిరిగాడు. మావగారు పడక్కుర్చీలోంచి, "ఒరే, నీళ్ళు నీ పెళ్ళాం తేర్చిందిరా వెధవా" అని అరిచారు. అప్పటికి గానీ ఆయనకి తెలియలేదు. తెలిశాక నవ్వాడు. నవ్వడం కాదురా బాబూ నాకు కావలసింది.

అక్క తిరిగి వచ్చింది. రాగానే నా కుండ మూత తీసి చూసింది. చూసి మూత పెట్టేసింది. బాగున్నాయనలేదు, బాగా లేవనలేదు. ఆ పూట ఆవిడ అన్నం సగమే తిన్నది. అది చూసి నాకు ఎంత తృప్తి కలిగిందో ఈ ముసలితనంలో కూడా చెప్పుకోవడానికి బాగుంది. పద్మా, ఇదీ రాయి.

మావగారు పోయాక పంపకాలయ్యాయి. ఇల్లు రెండు చేశారు, పెరడు రెండు చేశారు. నుయ్యి మాత్రం సరిగ్గా హద్దు మీద పడింది. ఎవరికిచ్చినా రెండోవాళ్ళు ఒప్పుకోరు. అందుకని గోడని నూతి దగ్గర ఆపి, మళ్ళీ అవతల మొదలుపెట్టి, గట్టు మధ్యన నడుమెత్తు పిట్టగోడ లేపారు. అటొక గిలక, ఇటొక గిలక. ఒకే నీళ్ళు, ఒకే మడ్డి, ఒకే కొట్లో కొన్న చిల్లగింజలు. ఇప్పుడింక నా మొగుడు నాకు దక్కాడనుకున్నాను. ఆయన పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ పిట్టగోడ మీద మోచేతులాన్చి, "వదినా, మంచినీళ్ళు" అన్నాడు. అవతలనుంచి గాజుల చెయ్యి గ్లాసు అందించింది. నేను ఈ పక్కన అంట్లు తోముతున్నాను.

ఒకనాడు ఆపుకోలేక అడిగేశాను. "నా నీళ్ళకీ ఆవిడ నీళ్ళకీ తేడా ఏంటో చెప్పండి."

"ఏమీ లేదే."

"మరి?"

"అడక్కపోతే వదిన బాధపడుద్దే."

"మరి నేను బాధపడనా?"

"నువ్వు బాధపడవు, పోట్లాడతావు" అన్నాడు నవ్వుతూ. పోట్లాడేవాళ్ళకి బాధ ఉండదని ఆయన లెక్క. ఆ లెక్క ఆయన పోయేదాకా మార్చుకోలేదు.

బావగారు పోయాక అక్క కొడుకు ఆవిడని రాజమండ్రి తీసుకెళ్ళిపోయాడు. అవతలి గిలక తుప్పు పట్టింది. ఆ తరవాత ఆయన నా నీళ్ళే తాగాడు, చాలా ఏళ్ళు తాగాడు. కానీ కేక మారిపోయింది. వచ్చి కూర్చుని, "మంచినీళ్ళు" అనేవాడు, గాలిలోకి. ముందు ఏ పిలుపూ ఉండేది కాదు. వదినా అని లేదు, ఏమే అని లేదు. నేను ఇచ్చేదాన్ని, ఆయన తాగేవాడు. ఖాళీగా ఉన్న చోట నా పేరు వచ్చి కూర్చుంటుందేమోనని రోజూ చెవులు పెట్టుకుని వినేదాన్ని. తరవాత మోటారొచ్చింది, ట్యాంకొచ్చింది, చుట్టుపక్కల పొలాలు చేపల చెరువులయ్యాక వేసవిలో నూతినీళ్ళు ఉప్పదేలుతున్నాయని అందరూ టిన్నులకి మారిపోయారు. ఇప్పుడు వీధిలో ఏ ఇంటికెళ్ళినా ఒకే రకం నీళ్ళు. తేటగానే ఉంటాయి, కాదనను. కడుపు నొప్పులు తగ్గాయి, పిల్లలకి విరేచనాలు తగ్గాయి, అదీ కాదనను. కానీ పద్మ మంచినీళ్ళిచ్చినా, పక్కింటి పిల్ల ఇచ్చినా, శీను తనే పట్టుకుని తాగినా ఒకటే. ఎవరి చేతి నీళ్ళని అడిగేవాళ్ళు లేరు, చెప్పుకునేవాళ్ళు లేరు. పద్మకి ఈ బాధ లేదు. హాయిగా ఉంది. ఆ హాయి చూసినా నాకు కళ్ళు కుడతాయి.

ఆయనకి ఒంట్లో బాగోక రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చినప్పుడు అక్క రోజూ వచ్చేది. మోకాళ్ళ నొప్పులతో, ఆటో దిగి, మనవరాలి భుజం పట్టుకుని వచ్చేది. గాజు తలుపు లోపల ఆయన, బయట బెంచీ మీద మేమిద్దరం. నీళ్ళు నోటితో ఇవ్వకూడదన్నారు. ఎంత చెయ్యి తేర్చిన నీళ్ళయినా అక్కడ పనికిరావు. ఒకసారికి ఒక్కరినే లోపలికి పంపేవారు. నేను వెళ్తే పెదవులు ఎండి బీటలు వారి కనబడ్డాయి, కళ్ళు తెరవలేదు. అక్క వెళ్ళొచ్చి నా పక్కన కూర్చుంది. "పలికాడా?" అన్నాను. లేదని తల ఊపింది. నాకు ప్రాణం కుదుటపడింది. అలాంటి చోట కూడా నాకు కుదుటపడింది.

ఆ మధ్యాహ్నం ఆయన పోయాడని చెప్పారు. మేమింకా ఏడుస్తుండగానే, లోపల డ్యూటీలో ఉన్న నర్సు పిల్ల బయటికి వచ్చి నా దగ్గర వంగింది. సన్నగా ఉంది, మా మనవరాలి వయసుంటుంది. "ఆఖర్లో ఒకసారి కళ్ళు తెరిచారమ్మా. నీళ్ళడిగారు. డాక్టరుగారు ఇంక పర్లేదు, ఇమ్మన్నారు. రెండు గుక్కలు తాగారు" అంది.

నా ఏడుపు ఆగిపోయింది. పక్కన అక్కది కూడా ఆగిపోయింది. "ఎవరిని పిలిచి అడిగారమ్మా?" అన్నాను.

ఆ పిల్లకి అర్థం కాలేదు. "ఎవర్నీ పిలవలేదమ్మా. నీళ్ళు అన్నారంతే. నేనే పట్టాను. నా వైపు చూసి తల ఊపారు కూడా, బాగున్నాయన్నట్టు" అంది. మమ్మల్ని ఓదార్చడానికే అంది. మంచి పిల్ల. ఆ చేతులు చల్లగా ఉండాలి. కానీ తల ఊపాడని చెప్పకుండా ఉండాల్సింది. నాకు ఒక్కనాడూ ఊపని తల అది.

ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. మేమిద్దరం ఆ గాజు తలుపు వంక చూస్తూ కూర్చున్నాం. అక్క కొంగుతో ముక్కు తుడుచుకుని, నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏ నీళ్ళంటావే?"

"సీసా నీళ్ళయి ఉంటాయక్కా."

"గ్లాసు కడిగిందో లేదో."

"కడిగి ఉండదు" అన్నాను.

"ఉండదు" అంది అక్క. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.